యుద్ధంల ఇల్లు ఒదిలి వచ్చినోళ్లకు చట్టం ఏమిస్తది? పాలమూరు, నల్లగొండ దిక్కు నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను మహబూబ్‌నగర్‌ల పారా లీగల్ వాలంటీర్‌గ చేస్తున్న. మా దగ్గరికి ఎక్కువ వచ్చేవి భూమి పంచాయితీలు, మెయింటెనెన్స్ కేసులు, కూలి పైసలు ఎగ్గొట్టిన కేసులు. 2022ల ఉక్రెయిన్ల యుద్ధం మొదలైనకాడి నుంచి వేరే రకం ఫోన్లు కూడా వస్తున్నయి. మా పిల్లగాడు అక్కడ ఇరుక్కున్నడు అని ఒకరు, మా కిరాయి ఇంట్ల సూడాన్ స్టూడెంట్ ఉన్నడు వీసా అయిపోయింది ఏం చేయాలె అని ఒకరు, అమెరికాల అసైలం (ప్రాణభయం ఉంది, ఆశ్రయం ఇయ్యండి అనే దరఖాస్తు) వేస్తే గ్రీన్ కార్డ్ వస్తదంట నిజమేనా అని ఇంకొకరు. ఒక్కొక్కరికి ఫోన్ల చెప్పుకుంట పోయే బదులు ఒక్క దగ్గర రాస్తే అందరికీ పనికొస్తదని రాస్తున్న. కొంచెం పెద్దగనే ఉంటది, మీకు కావలసిన ప్రశ్న కాడికి పోయి చదువుకోండి.

మన దిక్కు ఊరు ఒదిలిపోయినోళ్లందరినీ "వలస" అనే అంటం గదా, మళ్ల రెఫ్యూజీ అంటే వేరేనా?

వేరే. ఇది ముందుగల్ల తెలిస్తే మిగతాది అంతా అలకగ అర్థమైతది. నారాయణపేట, కోస్గి దిక్కు నుంచి ముంబై బస్సు ఎక్కి పనికి పోయినోడు వలస కూలి. వానలు లేక, బోరు ఎండి, అప్పు పెరిగి పోయిండు. బాధ నిజమే గని రేపు వాపస్ వస్తే ఊర్ల ఎవ్వరూ చంపరు. శ్రీశైలం డ్యాం కట్టినప్పుడు కొల్లాపూర్, అలంపూర్ దిక్కు ఊర్లకు ఊర్లు మునిగినయి చూడండి, వాళ్లు నిర్వాసితులు. వాళ్లను లేపింది సర్కారే కాబట్టి సర్కారునే అడగొచ్చు, 98 జీవో కింద ఉద్యోగాల కోసం ఆ ఇండ్లోళ్లు ఇంతకాలం కొట్లాడింది అందుకే.

రెఫ్యూజీ, అంటే శరణార్థి, ఈ ఇద్దరి లెక్క కాదు. సొంత దేశంల ఉంటే ప్రాణానికి ముప్పు, కాపాడాల్సిన సర్కారే చంపుతది లేకుంటే కాపాడలేకపోతది, అందుకే బార్డర్ దాటి ఇంకో దేశంల కాలు పెట్టిండు. వాపస్ పోలేడు. పేరు మారితే చట్టం మారుతది, చట్టం మారితే ఆ మనిషికి పని దొరుకుతదా, పిల్లలకు బడి దొరుకుతదా, రాత్రి పోలీసులు వచ్చి తీసుకపోతరా అన్నది మారుతది. అందుకే నేను ఈ పేర్ల మీద ఇంత గట్టిగ పట్టు పడుతున్న.

మా నాయనమ్మది సూర్యాపేట దిక్కు. రజాకార్ల కాలంల ఊరు తగలబెడ్తరని తెలిసి రాత్రికి రాత్రి పిల్లలను సంకనేసుకోని మునగాల పరగణాలకు నడుసుకుంట పోయిన్రంట. మునగాల చుట్టూ నైజాం రాజ్యమే ఉన్నా అది మాత్రం కృష్ణా జిల్లా కింద ఉండేది. అట్ల బార్డర్ దాటినోళ్లు బెజవాడ దాంక పోయిన్రు, జగ్గయ్యపేట దాంక పోయిన్రు. ఎవరూ కాగితం అడగలె, గంజి పోసిన్రు. ఈ రోజుల్ల ఆ పని కాగితం లేకుండ కాదు, కాబట్టి కాగితాల గురించే చెప్తున్న.

యుద్ధం నుంచి పారిపోతే ఆటోమేటిక్‌గ రెఫ్యూజీ అయిపోతరా?

అందరూ అవునే అనుకుంటరు గని కాదు. 1951 జూలై 28న జెనీవాల ఒక ఒప్పందం రాసిన్రు, రెఫ్యూజీ కన్వెన్షన్ అంటరు. దాంట్ల రెఫ్యూజీ అంటే ఎవరంటే జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, లేదా ఫలానా సామాజిక వర్గం, ఈ ఐదు కారణాల్ల ఏదో ఒకదాని వల్ల తనను హింసిస్తరని గట్టి భయం ఉండి దేశం బయట ఉన్నోడు. ఆ వాక్యంల యుద్ధం అనే మాటనే లేదు. మొదట్ల అయితే 1951 జనవరి 1 కంటే ముందు జరిగిన వాటికే అని రాసుకున్నరు, అంటే రెండో ప్రపంచ యుద్ధంల చెదిరిపోయిన యూరప్ వాళ్ల కోసమే, తర్వాత 1967 ప్రోటోకాల్‌తోని ఆ తేదీ హద్దు తీసేసిన్రు.

మరి ఊరి మీద బాంబు పడుతుంటే, ఆ బాంబు మతం చూసి పడదు గదా, అందరి మీద పడుతది. అట్లాంటి మనిషి "నన్నే ఎందుకు" అని నిరూపించుకోలేడు. ఈ గుంతను పూడ్చనీకెనే మిగతా ప్రోగ్రాములన్నీ పుట్టినయి. ముందుగల ఆఫ్రికా దేశాలు 1969ల సొంత ఒప్పందం చేసుకోని, బయటి దాడి, ఆక్రమణ, శాంతిభద్రతలు పూర్తిగ దెబ్బతినుడు, వీటి నుంచి పారిపోయినోళ్లు కూడా రెఫ్యూజీలే అని రాసుకున్నయి. 1984ల లాటిన్ అమెరికా దేశాలు కార్టహేనా డిక్లరేషన్ల ఇట్లనే అన్నయి, మధ్య అమెరికాల అప్పుడు అంతర్యుద్ధాలు జోరుగ నడుస్తున్నయి. పేద దేశాలు ముందుగల తలుపు పెద్దగ తెరిచినయి, నాకైతే ఈ ముచ్చట అందరికీ తెలవాలని ఉంటది.

యూరప్‌ల "సబ్సిడియరీ ప్రొటెక్షన్" అని ఉంది. ఐదు కారణాల్ల ఏదీ సరిపోకపోయినా, వాపస్ పోతే యుద్ధంల ఎవరని చూడకుండ జరిగే హింస వల్ల ప్రాణం పోతదని తేలితే ఇది ఇస్తరు. సిరియా వాళ్లకు జర్మనీల చాలామందికి వచ్చింది ఇదే.

చట్టం ఇచ్చే అసలు రక్షణ ఏంది? పైసలా, ఇల్లా?

అన్నిటికంటే ముందు ఒక్కటే: వాపస్ పంపొద్దు. 1951 ఒప్పందంల ఆర్టికల్ 33. ప్రాణానికో స్వేచ్ఛకో ముప్పున్న కాడికి మనిషిని తోలొద్దు అని. ఆర్టికల్ 31ల ఇంకోటి ఉంది, ప్రాణం కోసం నేరుగ పారిపోయి వచ్చి వెంటనే ఆఫీసర్ల ముందట నిలబడ్డోడిని వీసా లేకుండ వచ్చినవని శిక్షించొద్దు అని. ఇల్లు, పని, బడి, ట్రావెల్ డాక్యుమెంట్ అన్నీ వీటి తర్వాతే.

ఇప్పుడు నడుస్తున్న వాటిల్ల అన్నిటికంటే పెద్ద ప్రోగ్రాం ఏది?

యుద్ధం కోసమే పెట్టిన వాటిల్ల నేను ముందు చెప్పేది యూరోపియన్ యూనియన్ వాళ్ల టెంపరరీ ప్రొటెక్షన్. దీని కథ విచిత్రంగ ఉంటది. 1990 తర్వాతి పదేండ్లల యుగోస్లావియా ముక్కలై బోస్నియా, కొసొవో నుంచి లక్షల మంది ఒక్కసారే వచ్చి పడితే ఒక్కొక్కరి ఫైల్ చూసి తీర్పు ఇచ్చుడు అయ్యే పని కాదని యూరప్‌కు అర్థమైంది. అందుకే 2001ల ఒక డైరెక్టివ్ రాసిన్రు, గుంపుగ వస్తే గుంపుగనే రక్షణ ఇద్దాం, ఇంటర్వ్యూలు ఒద్దు అని. రాసి అల్మారల పెట్టిన్రు. 21 ఏండ్లు ముట్టలే. సిరియా వాళ్లు 2015ల లక్షల మంది వచ్చినప్పుడు కూడా ముట్టలే. 2022 మార్చి 4న, ఉక్రెయిన్ మీద దాడి మొదలైన ఎనిమిది రోజులకే, మొట్టమొదటి సారి అమలు చేసిన్రు.

దాంట్ల ఏముందంటే ఉక్రెయిన్ పాస్‌పోర్ట్ చూపిస్తే చాలు, ఉండనీకె పర్మిట్, పని చేసుకునే హక్కు, పిల్లలకు బడి, దవాఖాన, తల దాచుకోనీకె చోటు. అసైలం ఇంటర్వ్యూ కోసం నెలలకు నెలలు క్యాంపుల కూసునుడు లేదు. 40 లక్షల పైన జనం దీని కింద ఉన్నరు, జర్మనీ, పోలండ్, చెక్ దేశాల్ల ఎక్కువ. ఏడాదికి ఏడాది పొడిగించుకుంట పోయి ఇప్పుడు 2027 మార్చి 4 దాంక పెట్టిన్రు, ఆ తర్వాత మామూలు పర్మిట్లకు మారే దారి చూపెట్టమని దేశాలకు చెప్పిన్రు.

నా మాట చెప్పాలంటే ఇది పని చేసింది. యుద్ధం నుంచి వచ్చినోడికి మొదటి రోజే పని హక్కు ఇస్తే వాడు ఎవరి మీద బరువు కాడు, వాడి కాళ్ల మీద వాడు నిలబడతడు. అట్ల అయితదని ఇప్పుడు చేసి చూపెట్టిన్రు కాబట్టి సూడాన్ వాళ్లకు, సిరియా వాళ్లకు ఎందుకు చేయలేదని అడిగే హక్కు కూడా మనకు వచ్చింది. ఇది అడుగుతుంటే నాకు గొంతు పట్టుకుంటది నిజంగ.

మా పిల్లగాడు ఉక్రెయిన్‌ల ఎంబీబీఎస్ చదువుతుంటే యుద్ధం వచ్చింది. వాడు కూడా రెఫ్యూజీ కిందికే వస్తడా?

రాడు అమ్మా. యుద్ధం చూసిండు, బంకర్ల పన్నడు, మైనస్ చలిల బార్డర్ దాంక నడిచిండు, అన్నీ నిజమే. గని వాడు ఇండియా పౌరుడు, వాడికి భయం లేకుండ పోనీకె సొంత దేశం ఉంది. యూరప్ టెంపరరీ ప్రొటెక్షన్ల కూడా ఉక్రెయిన్‌ల పర్మనెంట్ రెసిడెన్స్ ఉండి సొంత దేశానికి సురక్షితంగ పోలేనోళ్లనే కలుపుకున్నరు, చదువు కోసం పోయిన వేరే దేశపోళ్లకు ఆ హక్కు రాలె, బార్డర్ దాటి ఇంటికి పోనీకె దారి ఇచ్చిన్రు అంతే. మన సర్కారు ఆపరేషన్ గంగ పెట్టి పోలండ్, హంగేరీ, రొమేనియా, స్లొవాకియా మీదికెళ్లి సుమారు 22,500 మందిని తెచ్చింది, దాంట్ల మన తెలంగాణ పిల్లలు మస్తుమంది ఉన్నరు.

మీ అసలు సమస్య చదువుది. దానికి నేషనల్ మెడికల్ కమిషన్ 2022 సెప్టెంబర్ల అకడమిక్ మొబిలిటీకి ఒప్పుకున్నది, అంటే ఇంకో దేశపు కాలేజీల చదివినా డిగ్రీ మాత్రం ఉక్రెయిన్ యూనివర్సిటీదే వస్తది. ఆ కాగితాలు, ట్రాన్స్‌క్రిప్ట్‌లు అన్నీ జాగ్రత్త పెట్టండి.

యూరప్ అమెరికానేనా? వేరే దేశాలు ఏం చేస్తున్నయి?

టీవీల చూపెట్టేది యూరప్‌నే గని ప్రపంచంల రెఫ్యూజీల్ల 100కు 73 మంది పేద, మధ్య ఆదాయ దేశాల్లనే ఉన్నరు. ఇది 2024 ఆఖరు లెక్క, యూఎన్‌హెచ్‌సీఆర్‌ది, అంటే రెఫ్యూజీలను చూసుకునే ఐక్యరాజ్య సమితి సంస్థది. అదే లెక్క ప్రకారం ఇల్లు ఒదిలినోళ్లు మొత్తం 12 కోట్ల 32 లక్షలు. ఒక్క సూడాన్ల 2023 ఏప్రిల్ 15న మొదలైన యుద్ధం 1.4 కోట్ల మందిని లేపింది.

ఉగాండాను చూడండి. 2006ల రెఫ్యూజీ చట్టం చేసింది. వచ్చినోళ్లను ముండ్ల కంచె ఎనుక పెట్టకుండ సెటిల్‌మెంట్లల కొంచెం భూమి ముక్క ఇస్తది, పండించుకో, పని చేసుకో, ఎక్కడికైన తిరుగు, పిల్లలను బడికి పంపు అంటది. సౌత్ సూడాన్, కాంగో నుంచి వచ్చిన 17 లక్షల పైన మంది అక్కడ ఉన్నరు. వచ్చేటోళ్లు పెరిగేకొద్ది భూమి ముక్క చిన్నగయింది, బయటి దేశాలు పైసలు తగ్గిస్తే రేషన్ కోత పడింది. భూమి విలువ ఏందో మన పాలమూరు రైతుకు ఎవరూ చెప్పక్కర్లే, ఆ చిన్న ముక్క మనిషికి ఎంత ధైర్యమో మీకే ఎక్కువ తెలుసు.

టర్కీది ఇంకో తీరు. అది 1951 ఒప్పందంల సంతకం చేసింది గని యూరప్ నుంచి వచ్చినోళ్లకే అని మెలిక పెట్టుకుంది, ఇప్పటికీ తీయలె. అందుకే సిరియా వాళ్లను రెఫ్యూజీలు అనకుండ 2014ల టెంపరరీ ప్రొటెక్షన్ రూల్స్ చేసింది, ఒక టైంల 37 లక్షల మంది దాని కింద ఉండేటోళ్లు. పాకిస్తాన్ అయితే ఆ ఒప్పందంల అసలు లేదు, దశాబ్దాలు అఫ్ఘాన్ వాళ్లకు కార్డులు ఇచ్చి ఉండనిచ్చి 2023 చివర్ల నుంచి పెద్ద ఎత్తున బయటికి తోలుడు మొదలుపెట్టింది. చట్టంల లేని దయ ఎప్పుడన్న ఆగిపోతది.

పాలస్తీనా వాళ్లకు వేరే ఆఫీస్ ఉందంట, ఎందుకు?

ఉంది. యూఎన్‌ఆర్‌డబ్ల్యూఏ అని 1949 డిసెంబర్ల పెట్టిన్రు, యూఎన్‌హెచ్‌సీఆర్ కంటే ముందే. గాజా, వెస్ట్ బ్యాంక్, జోర్డాన్, లెబనాన్, సిరియాలల బడులు, దవాఖానలు నడుపుతది. ఆ ఐదు చోట్ల బయట ఉన్న పాలస్తీనా వాళ్లను యూఎన్‌హెచ్‌సీఆర్ చూస్తది.

అమెరికాల టీపీఎస్, అసైలం, రెఫ్యూజీ అని మూడు పేర్లు వింటం, మూడూ ఒక్కటేనా?

మూడు వేరే. రెఫ్యూజీ అంటే అమెరికా బయట ఉన్నప్పుడే ఎంపిక చేసి తీసుకపోవుడు, 1980 చట్టం కింద. ఏడాదికి ఎంతమంది అన్నది ప్రెసిడెంట్ ఖరారు చేస్తడు. 2024 సంవత్సరానికి హద్దు 1,25,000 ఉండె, 2026కు 7,500 చేసిన్రు. కెన్యాల క్యాంపుల ఏండ్ల తరబడి మెడికల్ చెకప్‌లు, ఇంటర్వ్యూలు అన్నీ అయిపోయి సంచులు సదురుకోని ఉన్న కుటుంబానికి ఆ అంకె ఏందో ఒక్కసారి ఆలోచించండి.

అసైలం అంటే అమెరికా గడ్డ మీదికో బార్డర్ కాడికో వచ్చి అడుగుడు. ఇక్కడ అవే ఐదు కారణాలు, యుద్ధం ఒక్కటే సరిపోదు. వచ్చిన ఏడాది లోపల అప్లై చేయాలె, కొన్ని మినహాయింపులు ఉన్నయి గని వాటి మీద ఆశ పెట్టుకోవద్దు.

టీపీఎస్ అంటే టెంపరరీ ప్రొటెక్టెడ్ స్టేటస్. 1990 చట్టం, అప్పుడు ఎల్ సాల్వడార్ల అంతర్యుద్ధం నడుస్తుంటే మొదట వాళ్ల కోసమే వచ్చింది. యుద్ధమో భూకంపమో వచ్చిన దేశం పేరు ప్రకటిస్తరు, ఆ తేదీకి అప్పటికే అమెరికాల ఉన్న ఆ దేశపోళ్లకు 6 నుంచి 18 నెలలు తోలేయకుండ ఉంచి వర్క్ పర్మిట్ ఇస్తరు. దానితోని గ్రీన్ కార్డ్ రాదు. సర్కారు మారితే పేరు తీసేస్తరు, అఫ్ఘానిస్తాన్ టీపీఎస్‌ను 2025ల ముగించిన్రు.

మా బాబు ఎంఎస్ అయిపోయింది, హెచ్1 రాలె, కన్సల్టెన్సీ వాళ్లు అసైలం వేయమంటున్నరు. వేయొచ్చా?

నిజంగ ప్రాణభయం ఉంటే వేయొచ్చు, అది ఎవరి హక్కైనా హక్కే. లేకుంటే ఒద్దు, దండం పెట్టి చెప్తున్న. మాకు తెలిసిన దేవరకొండ దిక్కు కుటుంబం ఒకటి ఉంది, పిల్లగాడికి ఒక కన్సల్టెన్సీ వాడు లేని గొడవలు రాసి ఫైల్ వేయించిండు, వర్క్ పర్మిట్ వస్తది గదా అని వీళ్లు ఊకున్నరు. ఇప్పుడు ఆ పిల్లగాడు వాళ్ల నాయనకు బాగలేకపోయినా ఇంటికి రాలేకపోతున్నడు, ఎందుకంటే ఏ దేశంల ప్రాణభయం ఉందని రాసిండో ఆ దేశానికే వస్తే కేసు ఏమైతది? తెలిసి తప్పుడు అసైలం కేసు వేసిన్రని జడ్జి తేలిస్తే జీవితాంతం ఏ ఇమిగ్రేషన్ లాభం రాకుండ బార్ పడుతది, పెండ్లి ద్వారా కూడా కష్టమే. ఇంకోటి, ఒక్కొక్క దొంగ కేసు వల్ల జడ్జిలకు నమ్మకం పోయి నిజంగ సూడాన్ నుంచి వచ్చినోడి మాట కూడా నమ్మరు. మన పిల్లగాడి వర్క్ పర్మిట్ కోసం వాళ్ల నోటికాడి ముద్ద గుంజుకోవద్దు.

కెనడాల మామూలు జనాలే రెఫ్యూజీలను పిలిపించుకుంటరంట?

అవును, నాకు బాగ నచ్చిన పద్ధతి ఇది. 1979ల వియత్నాం, లావోస్, కంబోడియా నుంచి పడవల మీద పారిపోతున్నోళ్లను చూసి మొదలుపెట్టిన్రు. ఐదుగురు మనుషులు ఒక గుంపుగనో, ఒక చర్చో సంఘమో కలిసి ఒక కుటుంబానికి ఏడాది పాటు ఇంటి కిరాయి, తిండి, పిల్లల బడి, భాష నేర్పుడు, దవాఖానకు తీసుకపోవుడు అన్నీ మేం చూసుకుంటం అని రాసిస్తరు. వచ్చినోళ్లకు వచ్చిన రోజే పర్మనెంట్ రెసిడెన్స్. ఐదుగురి గుంపుల కొత్త దరఖాస్తులు మాత్రం 2024 నవంబర్ చివర్ల ఆపి పెట్టిన్రు. 1986ల యూఎన్‌హెచ్‌సీఆర్, రెఫ్యూజీలకు సాయం చేసినోళ్లకు ఇచ్చే నాన్సెన్ అవార్డ్‌ను కెనడా ప్రజలందరికీ కలిపి ఇచ్చింది. ఉక్రెయిన్ వాళ్ల కోసం 2022ల బ్రిటన్ల కూడా ఇట్లాంటిదే పెట్టిన్రు, ఇంట్ల ఒక రూం ఇస్తా అన్నోళ్ల పేరు మీద వీసా ఇచ్చిన్రు.

మరి మన ఇండియాల ఏముంది?

చాలా మంది అడిగేది ఇదే, కొంచెం నిదానంగ చదవండి. ఇండియా 1951 ఒప్పందంల గాని 1967 ప్రోటోకాల్ల గాని సంతకం చేయలే. రెఫ్యూజీల కోసం విడిగ చట్టం కూడా లేదు. చట్టం కంటికి రెఫ్యూజీ అయినా టూరిస్ట్ అయినా విదేశీయుడే. ఇంతకుముందు 1946 ఫారినర్స్ యాక్ట్ ఉండె, 2025 సెప్టెంబర్ 1 నుంచి దాంతోని కలిపి నాలుగు పాత చట్టాలు తీసేసి ఇమిగ్రేషన్ అండ్ ఫారినర్స్ యాక్ట్ 2025 తెచ్చిన్రు. పాస్‌పోర్ట్, వీసా లేకుండ వస్తే 5 ఏండ్ల దాంక జైలు లేదా 5 లక్షల దాంక జరిమానా, లేదంటే రెండూ.

చట్టం లేకున్నా మన దేశం ఆశ్రయం ఇచ్చిన చరిత్ర చిన్నది కాదు. 1959 తర్వాత టిబెట్ వాళ్లు, 1971ల తూర్పు పాకిస్తాన్ నుంచి సుమారు కోటి మంది, 1983 నుంచి శ్రీలంక తమిళులు. వాళ్లను సర్కారే నేరుగ చూసుకుంది. మయన్మార్, అఫ్ఘానిస్తాన్ లాంటి దేశాల వాళ్లకు ఢిల్లీల యూఎన్‌హెచ్‌సీఆర్ ఆఫీస్ దరఖాస్తు తీసుకోని, ఇంటర్వ్యూ చేసి కార్డ్ ఇస్తది. ఆ కార్డ్ మీద కేంద్రం 2011 నుంచి కొందరికి లాంగ్ టర్మ్ వీసా ఇచ్చే పద్ధతి పెట్టింది, అది వస్తే ప్రైవేట్ల పని చేసుకోవచ్చు, చదువుకోవచ్చు. వస్తదని గ్యారంటీ లేదు, సర్కారు ఇష్టం.

సీఏఏ గురించి కూడా అడుగుతరు. అది రెఫ్యూజీ చట్టం కాదు, పౌరసత్వ చట్టానికి సవరణ. పాకిస్తాన్, అఫ్ఘానిస్తాన్, బంగ్లాదేశ్ నుంచి 2014 డిసెంబర్ 31 లోపల వచ్చిన హిందూ, సిక్కు, బౌద్ధ, జైన, పార్సీ, క్రైస్తవులకే. రూల్స్ 2024 మార్చిల వచ్చినయి. యుద్ధం నుంచి రేపు వచ్చేటోడికి దానితోని పని లేదు.

ఇగ కోర్టులు. రాజ్యాంగం ఆర్టికల్ 21 ప్రాణానికి, స్వేచ్ఛకు రక్షణ పౌరులకే అని అనలె, ఏ వ్యక్తికైనా అన్నది. 1996ల అరుణాచల్ ప్రదేశ్ చక్మాల (తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చి అక్కడ ఉంటున్నోళ్లు) కేసుల సుప్రీంకోర్టు ఇదే మాట పట్టుకోని వాళ్లను బెదిరించి తరిమేయనీయకుండ రాష్ట్రమే కాపాడాలని చెప్పింది. 1998ల గుజరాత్ హైకోర్టు ఇద్దరు ఇరాకీల కేసుల, వాపస్ పంపొద్దు అన్న సూత్రం ఆర్టికల్ 21లనే ఉంది అన్నది. గని 2021 ఏప్రిల్ల రోహింగ్యాల (మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన ముస్లింలు) కేసుల సుప్రీంకోర్టు ఆర్టికల్ 21 అందరికీ ఉంటది గని దేశం నుంచి పంపించకుండ ఉండే హక్కు పౌరులకే, పద్ధతి ప్రకారం అయితే పంపొచ్చు అన్నది. కాబట్టి ఇండియాల ఒక రెఫ్యూజీ భద్రత ఏ జడ్జి ముందటికి పోయిండు, ఏ ఏడాదిల పోయిండు అన్న దాని మీద ఆధారపడి ఉంది. ఇంత పెద్ద మనసున్న దేశానికి ఒక చట్టం ఉండాలని నేను గట్టిగ నమ్ముత.

మా కిరాయి ఇంట్ల సూడాన్ స్టూడెంట్ ఉన్నడు, వీసా అయిపోతున్నది, ఇంటికి పోలేడు. ఏం చేయమని చెప్పాలె?

ముందుగల వీసా తేదీ దాటకముందే ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ (విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీస్) పోర్టల్ల పొడిగింపుకు పెట్టుకోమనండి, యుద్ధం వల్ల పోలేకపోతున్న అని కారణం రాయాలె, పాస్‌పోర్ట్ రెన్యువల్ కాకపోతే వాళ్ల ఎంబసీకి పెట్టుకున్న దరఖాస్తు కాపీ జత చేయాలె. హైదరాబాద్‌ల ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ ఉంది, జిల్లాలల ఎస్పీ ఆఫీసే ఫారినర్స్ రిజిస్ట్రేషన్ చూస్తది. రెండోది, చదువుకోనీకె వచ్చినంక ఎనుక దేశంల యుద్ధం మొదలైనా రెఫ్యూజీ కావొచ్చు, వచ్చేటప్పుడు భయంతోనే రావాలని ఏం లేదు. యూఎన్‌హెచ్‌సీఆర్ ఢిల్లీ ఆఫీస్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఇంటి ఓనర్‌గ మీ పని ఫారం-III, 2025ల కొత్త రూల్స్ రాకముందు దీన్నే ఫారం-సీ అనేటోళ్లు. విదేశీయుడిని ఇంట్ల పెట్టుకుంటే ఆన్‌లైన్ల అది నింపాలె. భయపడి ఆ పిల్లగాడిని ఖాళీ చేయమనకండి, ఫారం నింపితే మీకూ సేఫ్, వాడికీ ఫలానా చోట ఉన్నడని ఒక రుజువు.

రెఫ్యూజీ పిల్లలను సర్కారు బడిల చేర్చుకుంటరా?

చేర్చుకోవాలె. విద్యాహక్కు చట్టంల 6 నుంచి 14 ఏండ్ల ప్రతి పిల్లకు అన్నరు. హైదరాబాద్ బాలాపూర్ దిక్కు, మన శ్రీశైలం రోడ్డు మొదట్ల, రోహింగ్యా కుటుంబాలు ఏండ్ల సంది ఉంటున్నయి. ఢిల్లీల ఇట్లాంటి పిల్లల గురించి వేసిన కేసుల 2025 ఫిబ్రవరిల సుప్రీంకోర్టు, సర్కారు బడులకు నేరుగ పోయి అడ్మిషన్ అడగండి, ఇయ్యకపోతే హైకోర్టుకు పోండి అని చెప్పింది. హెడ్ మాస్టర్ ఆధార్ లేదని వాపస్ పంపితే నోటి మాట మీద ఊకోకండి, దరఖాస్తు ఇచ్చి రశీదు తీసుకోండి.

విదేశీయుడికి ఉచిత లాయర్ దొరుకుతడా?

దొరుకుతడు. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ యాక్ట్ 1987ల సెక్షన్ 12 చూడండి, ఆడోళ్లు, పిల్లలు, జైల్ల లేదా కస్టడీల ఉన్నోళ్లు అని ఉంది, పౌరులే అని లేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ కోర్టు ఆవరణల జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటది. ఫోన్ 15100.

దేశం లోపలనే చెదిరిపోయినోళ్లు ఏమైతరు?

వాళ్లు బార్డర్ దాటలే కాబట్టి రెఫ్యూజీలు కారు. 2024 ఆఖరుకు ప్రపంచంల ఇట్లాంటోళ్లు 7 కోట్ల 35 లక్షలు, రెఫ్యూజీల కంటే ఎక్కువ. ఆఫ్రికాల 2009ల కంపాలా ఒప్పందం చేసుకున్నరు వీళ్ల కోసం. మన దగ్గర ఏం లేదు. దూరం పోనక్కర్లేదు, 2005ల ఛత్తీస్‌గఢ్‌ల సల్వా జుడుం (మావోయిస్టుల మీదికి లేపిన సాయుధ దళం) మొదలైనంక అక్కడి గుత్తికోయ ఆదివాసీలు గోదావరి దిక్కు మన అడవులకు వచ్చిన్రు. ఇక్కడ ఎస్టీ సర్టిఫికెట్ లేదు, పోడు పట్టా లేదు. అదే దేశం, అదే రాజ్యాంగం, అయినా వాళ్లది రెఫ్యూజీ బతుకే.

పనికి పోయిన దేశంల యుద్ధం వస్తే మనోళ్లు ఎట్ల?

1990ల కువైట్ నుంచి సుమారు 1,70,000 మందిని అమ్మాన్ మీదికెళ్లి విమానాల్ల తెచ్చిన్రు. 2015ల యెమెన్, 2023ల సూడాన్, ఇజ్రాయెల్. ఇది రెఫ్యూజీ రక్షణ కాదు, సొంత దేశం తన మనిషిని తెచ్చుకునుడు. దానికి మీ పేరు ఎంబసీ లెక్కల ఉండాలె, కాబట్టి దిగినంకనే రిజిస్టర్ చేసుకోండి. ఈసీఆర్ పాస్‌పోర్ట్ (పనికి పోయే ముందు సర్కారు క్లియరెన్స్ కావలసినది) మీద పోయేటోళ్లకు ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి, 10 లక్షలది, ఏజెంట్ కట్టిండా లేదా అని కాగితం చూసుకోండి.

యూఎన్ కార్డ్ ఇప్పిస్తం, కెనడా పంపిస్తం అని పైసలు అడుగుతున్నరు?

మోసం. యూఎన్‌హెచ్‌సీఆర్ రిజిస్ట్రేషన్, ఇంటర్వ్యూ, కార్డ్, మూడో దేశానికి పంపుడు, అన్నీ ఫ్రీ. మూడో దేశానికి పోయేది రెఫ్యూజీల్ల 100కు ఒక్కరు కూడా ఉండరు, దాన్ని ఏ ఏజెంటూ మార్చలేడు.

యుద్ధం అయిపోతే రక్షణ కూడా అయిపోతదా?

అయిపోవచ్చు. పరిస్థితి గట్టిగ, నిలకడగ మారితే రెఫ్యూజీ హోదా తీసేయొచ్చని ఒప్పందంలనే ఉంది. సిరియాల 2024 డిసెంబర్ 8న అసద్ సర్కారు కూలంగనే ఆ వారంలనే యూరప్‌ల చాలా దేశాలు సిరియా వాళ్ల కొత్త దరఖాస్తులు ఆపేసినయి. లక్షల మంది ఇష్టంతోనే వాపస్ పోయిన్రు కూడా. ఇండ్లు కూలిపోయి, మైన్లు పాతిపెట్టి ఉన్న కాడికి ఇష్టం లేకున్నా పొమ్మనుడు మాత్రం తప్పు. ఇంకోటి, యుద్ధ నేరాలు చేసినోడికి మొదటి నుంచే ఈ రక్షణ లేదు, ఆర్టికల్ 1ఎఫ్.

ఇట్లాంటి మనిషి మా ఊర్ల ఉన్నడు, ముందుగల ఏ కాగితాలు సదురమని చెప్పాలె?

పాస్‌పోర్ట్ ఎక్స్‌పైరీ అయినదైనా సరే, పాత వీసా, యూఎన్ కార్డ్ ఉంటే అది, పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు (ఇండియాల పుట్టిన పిల్ల అయితే మున్సిపాలిటీల తప్పక రాయించాలె, లేకుంటే ఏ దేశానికీ చెందకుండ పోయే ముప్పు ఉంటది), పెండ్లి కాగితం, బడి బోనఫైడ్, దవాఖాన చీటీలు, కిరాయి కాగితం, ఫారం-III (పాత ఫారం-సీ) కాపీ. అన్నీ ఫోన్ల ఫోటో తీసి ఇంకొకరి ఫోన్‌కు కూడా పంపి పెట్టాలె. ఊరు ఎప్పుడు ఒదిలిండు, ఏ దారిన వచ్చిండు, ఏ తేదీన ఏం జరిగింది, గుర్తున్నప్పుడే వాళ్ల భాషల రాసి పెట్టుకోమనండి, ఇంటర్వ్యూల తేదీలు తారుమారైతే అబద్ధం అంటరు. కస్టడీకి తీసుకున్నరని తెలిస్తే ఆ రోజే 15100కు ఫోన్ చేయండి, తెల్లారనీయకండి.